పది సీసాలు

"అన్నయ్యా, కడుపులో ఒకటే నొప్పిగా ఉంది."

తమ్ముడు నీ భుజం పట్టుకుని కుదుపుతున్నాడు. కళ్లు తెరుస్తావు. కరెంటు లేదు. ఫోను వెలిగించి చూస్తే రెండూ నలభై. బయట కప్పల గోల. ఆగస్టు నెల, దివిసీమ, నాట్లు వేసి పది రోజులయింది. చేలల్లో నీళ్లు నిలిస్తే ఎలకలు బొరియలు వదిలి ఇళ్లలోకి చేరతాయి. ఎలకల వెంట ఇంకోటి కూడా వస్తుంది. అది నీకు తెలియని సంగతేం కాదు. కానీ నిద్రమత్తులో నీకు గుర్తొచ్చేది రాత్రి తిన్న రొయ్యల ఇగురు.

"గ్యాస్ పట్టుంటుంది లేరా. కాస్త సోడా తాగి పడుకో."

వాడు వెళ్లి అరుగు మీద కూచుంటాడు. నువ్వు అటు తిరిగి పడుకుంటావు.

పావుగంట గడుస్తుంది. ఈసారి మరదలి గొంతు.

"బావగారూ, ఒకసారి లేవండి. ఈయన మాట తేడాగా వస్తోంది."

ఫోను వెలుగు వాడి మొహం మీద వేస్తావు. రెప్పలు సగానికి దిగి ఉన్నాయి. నిద్రొస్తోందేమో అనుకుంటావు. "కళ్లు తెరవరా" అంటావు. "తెరిచే ఉన్నాను కదన్నయ్యా" అంటాడు వాడు. అని, నిన్ను చూడ్డానికి తల వెనక్కి వాలుస్తాడు. రెప్పలు లేవడం లేదు కాబట్టి తలనే లేపుతున్నాడు. నాలుక మొద్దుబారినట్టు మాట ముద్దముద్దగా వస్తోంది. "నువ్విద్దరుగా కనిపిస్తున్నావు" అంటాడు.

ఉక్కగా ఉందని వాడు చాప వేసుకుని నేల మీద పడుకున్నాడు. చాప ఎత్తి చూస్తావు. ఏమీ లేదు. దిండు తీస్తావు. ఏమీ లేదు. గోడ వారన బియ్యం బస్తా పక్కకి జరుపుతావు. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ, ఒంటి మీద సన్నటి తెల్లకట్లతో చుట్టచుట్టుకుని ఉంది.

కట్లపాము.

వాడి కాళ్లూ చేతులూ వెతుకుతావు. గాటు లేదు, వాపు లేదు, నెత్తురు లేదు. ఎలా ఉంటుంది? దాని కోరలు చాలా చిన్నవి. నిద్రలో దోమ కుట్టినట్టయినా అనిపించదు. రక్తపింజరి కరిస్తే కాలు వాచిపోయి కేకలు పెడతారు, ఇంటిల్లిపాదీ లేస్తుంది. ఇది అలా కాదు. నరం నుంచి కండకి వెళ్లే కబురుని చప్పుడు లేకుండా తెంపేస్తుంది. ముందు రెప్పలు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి లాగే కండరాలు. ఎంత టైముందో ఎవరూ చెప్పలేరు.

ఇల్లంతా మనుషులు నిండారు. అమ్మ పసుపుగుడ్డలో రూపాయి కట్టి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి ముడుపు మొక్కుతోంది. బాబాయి పక్క ఊళ్లో మంత్రం వేసే మనిషి దగ్గరికి వెళదామంటున్నాడు. వీధి చివర ఆర్‌ఎంపీని లేపుదామని ఒకరు. "గవర్నమెంటాసుపత్రిలో ఈ టైముకి ఎవరుంటారు? కారు మాట్లాడుకుని ప్రైవేటుకి పదండి" అని ఇంకొకరు. అందరూ నీ మేలు కోరేవాళ్లే. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చెప్పాల్సింది మాత్రం నువ్వు.

2018 ఆగస్టులో ఇదే సీమలో పాముకాట్లు వరసబెట్టినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. అమ్మ మొక్కుని నేను తప్పు పట్టను. ముడుపు కట్టడానికి నిమిషం చాలు. మంత్రం దగ్గర కూచుంటే గంటలు పోతాయి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకులు లెక్క తేల్చారు. ఎక్కువమంది పల్లెల్లోనే, ఆసుపత్రి దాకా చేరకుండానే. ఆ లెక్కలో తెలుగు రాష్ట్రాలు రెండూ పైవరసలోనే ఉన్నాయి.

108కి ఫోను చేస్తావు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన నంబరు ఇది. ఒక ప్రైవేటు సంస్థ పుట్టించింది, సర్కారు డబ్బుతో ఊరూరా తిరిగింది. అవతల అమ్మాయి తడుముకోకుండా వివరాలు అడుగుతుంది. బండి ఇంకో కేసులో ఉంది, అరగంట పడుతుంది అంటుంది. పీహెచ్‌సీ ఏడు కిలోమీటర్లు. "బండిని నేరుగా పీహెచ్‌సీకి పంపించండమ్మా, మేము అక్కడికి చేరతాం" అంటావు. మోటార్‌సైకిలు తీస్తావు. నువ్వు ముందు, తమ్ముడు మధ్యలో, బాబాయి కొడుకు వెనక నుంచి వాణ్ని పట్టుకుని. వాడి గడ్డం నీ భుజం మీద ఆనుతుంది. లాలాజలం నీ చొక్కాని తడుపుతోంది. మింగలేకపోతున్నాడు.

పీహెచ్‌సీలో లైటు వెలుగుతోంది.

ఆ ఒక్క లైటు చూసి నీ గుండె ఎలా కొట్టుకుందో చెప్పడానికి మాటలు చాలవు. ఇరవై నాలుగ్గంటల కేంద్రమని బోర్డు మీద రాసి ఉంటే చాలదు, రాత్రి మూడున్నరకి నిజంగా మనిషి ఉండాలి. ఉంది. సిస్టరు ఒక్కతే ఉంది. డాక్టరు లేరు, పట్నంలో ఉంటారు. సిస్టరు ఫోనులో డాక్టర్ని లేపి, స్పీకరు పెట్టి, తమ్ముడి వైపు తిరుగుతుంది.

"బాబూ, ఒక్క ఊపిరి తీసుకుని, మళ్లీ తీసుకోకుండా అంకెలు లెక్కపెట్టు."

వాడు మొదలెడతాడు. పద్ధెనిమిది దగ్గర ఆగిపోతాడు. సిస్టరు కాగితం మీద 18 అని రాసుకుంటుంది. నీకు అప్పుడు అర్థం కాదు. ఇంకాసేపట్లో ఆ అంకే నీ లోకమంతా అవుతుంది.

ఫ్రిజ్ తలుపు తీస్తుంది. చిన్న చిన్న సీసాలు. అడుగున తెల్లటి పొడి. ఒక్కో సీసా బల్ల మీద పెడుతూ లెక్కపెడుతుంది. పది. మొదటి విడతకి పది కావాలి, సరిగ్గా పది ఉన్నాయి. ప్రతి సీసా మీదా ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అని ముద్ర. పొడిలో నీళ్లు ఎక్కించి సీసాని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తుంది. చాలా నెమ్మదిగా. నీకు ఒళ్లు మండిపోతుంది. "తొందరగా కుదపొచ్చు కదమ్మా!" అంటావు. "కుదిపితే నురగొస్తుంది, మందు పాడవుతుంది" అంటుంది తలెత్తకుండా. ఒక సీసా నీ చేతిలో పెడుతుంది. "ఇదిగో, ఇలా." నువ్వూ దొర్లిస్తావు. చల్లగా ఉంది. ఆ పొడిలో ఎంతమంది చేతి కష్టం ఉందో. చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాముల్ని పట్టి విషం తీస్తుంది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి వాటి నెత్తుటి నుంచి విరుగుడు తీస్తారు. చేసేది ఎక్కువగా ప్రైవేటు కంపెనీలు. కొని ఈ ఫ్రిజ్ దాకా పంపేది సర్కారు. కట్టేది నీలాంటివాళ్ల పన్ను.

అలవాటుకొద్దీ జేబులో చెయ్యి పెడతావు. "ఎంతమ్మా?"

"డబ్బులెందుకు? చెయ్యి కదలకుండా పట్టుకో."

సెలైన్‌లో మందు దిగుతోంది. పది నిమిషాలు. తమ్ముడు గోక్కుంటున్నాడు. మెడ మీద దద్దుర్లు. ఛాతీ మీద దద్దుర్లు. ఒణుకు. పెదాలు వాస్తున్నాయి. గుర్రపు నెత్తుటి మందు కొందరికి పడదు. సిస్టరుకి తెలుసు. అందుకు ఇచ్చే మందు ముందే సూదిలో నింపి పక్కన పెట్టుకుంది. డ్రిప్పు ఆపుతుంది. తొడకి ఇంజక్షను గుచ్చుతుంది. నువ్వు వాడి చెయ్యి పట్టుకుంటావు. ఒక నిమిషం. రెండు. ఒణుకు తగ్గుతుంది. డ్రిప్పు మళ్లీ మొదలు, ఈసారి నెమ్మదిగా.

"లెక్కపెట్టు బాబూ."

పన్నెండు.

మందు పడుతోంది కదా, అంకె ఎందుకు తగ్గుతోంది? నెత్తుటిలో తిరిగే విషాన్నే ఈ మందు పట్టుకోగలదు. అప్పటికే నరాల కొసలకి అంటిన విషాన్ని వదిలించలేదు. ఆ కొసలు మళ్లీ బాగుపడాలి. దానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఊపిరి ఇంకొకరు పొయ్యాలి. వెంటిలేటర్ కావాలి. పీహెచ్‌సీలో లేదు.

108 వచ్చింది.

కాలవ గట్టు రోడ్డు. గుంతలు. నీ చేతిలో సెలైన్ బాటిలు. బండిలో కుర్రాడు మాస్కు వాడి మొహానికి అదిమి పట్టి రబ్బరు సంచి నొక్కుతున్నాడు. నొక్కు. వదులు. నొక్కు. వదులు.

"ఎంతవరకు వచ్చావురా? లెక్కపెట్టరా."

అయిదు.

"మళ్లీ."

రెండు.

తర్వాత పెదాలు కదులుతాయి. శబ్దం రాదు.

"అన్నా" అంటాడు బండి కుర్రాడు. "పెద్దాసుపత్రి గంట దూరం. దారిలో ప్రైవేటుంది. పావుగంట. వాళ్ల దగ్గర మిషనుంది. ఎటు?"

నీ దగ్గర మూడువేల రెండొందలున్నాయి.

"ఎటన్నా?"

"ప్రైవేటుకే."

అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఇద్దరు పరిగెత్తుకొస్తారు. స్ట్రెచరు. డాక్టరమ్మ జుట్టు ముడేసుకుంటూ వస్తుంది, వాడి తల వెనక్కి వంచుతుంది, గొట్టం దించుతుంది. ఒక్క ప్రయత్నం. ఒక్కటే. మిషను ఊపిరి పోస్తుంది. ఛాతీ లేస్తుంది. పడుతుంది. లేస్తుంది.

గోడ గడియారం చూస్తావు. తలుపు దాటి నాలుగు నిమిషాలు.

ఆ నాలుగు నిమిషాలకి నువ్వు జీవితాంతం రుణపడి ఉంటావు. ప్రైవేటు వైద్యం గురించి కోపంగా మాట్లాడేవాళ్లెవరైనా ఈ గదిలో నిలబడి ఆ ఛాతీ లేవడం చూడాలి. ఆ చేతికి నేర్పు ఉంది, మిషను పనిచేస్తోంది, అడిగిన మందు అడిగిన క్షణాన అందుతోంది.

"పేషెంటుకి మీరేమవుతారు? యాభై వేలు అడ్వాన్సు కట్టండి."

కౌంటరు దగ్గర కుర్రవాడు మర్యాదగానే అడుగుతాడు. కార్డు చూపిస్తావు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం. "మేము ఆ జాబితాలో లేమండి" అంటాడు. జాబితాలో ఉన్నవాళ్లు కూడా సర్కారు నుంచి బకాయిలు రాలేదని సేవలు ఆపేసిన రోజుల్ని రెండు రాష్ట్రాల్లోనూ చూశాం.

డబ్బు కట్టకపోతే మిషను తీసేస్తారా? తియ్యకూడదు. అత్యవసరంలో ప్రాణం కాపాడటం సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా చేసి తీరాల్సిన పనని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు సంగతి నీకు ఇప్పుడు తెలియదు. తెలిసినా కౌంటరు ముందు నోరు పెగలదు. లోపలున్నది నీ తమ్ముడు. వాడి దగ్గరికి వెళతావు. వెనకే వచ్చి చేరిన మరదలు మాట్లాడకుండా మెడలో గొలుసు తీసి నీ చేతిలో పెడుతుంది. మంచం పక్కనే నిలబడి తీసింది. సన్నగా గలగలమంది.

తెల్లారింది. మందుల చీటీ. మధ్యాహ్నం ఇంకో చీటీ. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, ఐసీయూ రోజు అద్దె, మిషను అద్దె వేరు. సాయంత్రానికి లక్షా పది వేలు. ఇంకా ఎన్ని రోజులు? ఎవరూ చెప్పరు. రాత్రి డ్యూటీకి వచ్చిన కుర్ర డాక్టరు వాడి రెప్ప ఎత్తి టార్చి వేస్తాడు. కనుపాప కదలదు. ఇంకో కన్నూ అంతే. నీ వైపు చూసి గొంతు తగ్గిస్తాడు. "పరిస్థితి బాగాలేదండి. మీవాళ్లకి కబురు చేసుకోండి."

అమ్మ అరెకరం అమ్మేద్దామంటుంది. నువ్వు సరే అనబోతుండగా ఫోను మోగుతుంది. పీహెచ్‌సీ డాక్టరు. ఆ రాత్రి స్పీకరులో విన్న గొంతే. "పెద్దాసుపత్రి ఐసీయూలో మాట్లాడాను. వెంటిలేటర్ ఉన్న మంచం ఒకటి ఖాళీ అయింది. తీసుకెళతావా?"

మళ్లీ నువ్వే చెప్పాలి.

తీరా వెళ్లాక మంచం లేదంటే? ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1992లో పశ్చిమ బెంగాల్లో రైలు నుంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని సర్కారు ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో దాదాపు 17,000 పోసి బతికాడు. సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కుని కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చి, 25,000 పరిహారం ఇమ్మంది. మంచాలు లేవు, డబ్బు లేదు అనే మాటతో సర్కారు ఈ బాధ్యత తప్పించుకోకూడదని కూడా అంది.

"తీసుకెళతాను సార్."

పెద్దాసుపత్రిలో స్ట్రెచరు తోసినందుకు వందడుగుతారు. ఇస్తావు. ఐసీయూలో ఒకే సిస్టరు, ఎనిమిది మంచాలు. ఫ్యాను గరగరలాడుతోంది. నీకు వరండాలో జాగా దొరుకుతుంది, నేల మీద, చాప కూడా లేదు. గొట్టంలో కఫం అడ్డుపడి మిషను కూస్తే సిస్టరు అవతలి మంచం దగ్గర ఉంటుంది. నువ్వు పరిగెత్తి పిలుచుకురావాలి. ఒకసారి నిమిషం ఆలస్యమవుతుంది. ఆ నిమిషం నీకు నచ్చదు, నచ్చకూడదు. ఆమెది తప్పని మాత్రం అనలేవు. ఆ గదిలో ఉండాల్సినవాళ్లు ముగ్గురు, ఉన్నది ఒక్కరు.

పొద్దున పెద్ద డాక్టరు వస్తారు. నెరిసిన జుట్టు, పాత చెప్పులు. రెప్ప ఎత్తి చూస్తారు. నువ్వు ఆ మొహమే చూస్తుంటావు. ఆయన రెప్ప దించి, "నేల మీద పడుకున్నాడా?" అంటారు.

"అవును సార్."

"కట్లపామే. వానాకాలమంతా ఇవే మాకు. కనుపాపలు కదలట్లేదని బెంగపడకు. కంటి కండరాలు కూడా పడిపోతాయి, అంతే. మెదడు బాగానే ఉంది. మనం మాట్లాడేదంతా అతనికి వినబడుతుంది. మాట్లాడు."

అద్దాల తలుపుల ఆసుపత్రిలో ఈ మాట చెప్పేవాళ్లు దొరకలేదు. అక్కడివాళ్లకి చదువు తక్కువై కాదు. నేల మీద పడుకునేవాళ్లు ఆ తలుపు దాటేది తక్కువ. బీదవాళ్ల జబ్బులు బీదవాళ్ల ఆసుపత్రికే వస్తాయి, అక్కడి డాక్టర్లకే వాటి లోతు తెలుస్తుంది.

నువ్వు వాడి చెవి దగ్గరికి వంగుతావు. ఏం మాట్లాడాలో తోచదు. "పై చేలో నీళ్లు తీసేశానురా" అంటావు. "బోదె గండి పడితే బాబాయి పూడ్చాడు. గేదె ఈనింది. పెయ్యదూడ." రోజూ అదే. నాలుగో రోజు సాయంత్రం కుడికాలి బొటనవేలు కదులుతుంది. నువ్వు నమ్మవు. "మళ్లీ కదపరా" అంటావు. కదులుతుంది.

తొమ్మిదో రోజు గొట్టం తీస్తారు. గొంతు బొంగురుపోయింది. మరదలి వైపు చూస్తాడు, ఖాళీ మెడ వైపు.

"గొలుసు తీసిచ్చావు కదూ. చప్పుడు వినబడింది."

ఇంటికొచ్చాక అరుగు మీద కూచుని లెక్క రాస్తావు. ప్రైవేటులో నిండా రెండ్రోజులు లేడు, లక్షా ముప్పై వేలు. పెద్దాసుపత్రిలో పదిహేను రోజులు, బిల్లు సున్నా. బయట కొన్న మందులు, అన్నం, బస్సు ఛార్జీలు, చేతులు తడిపినవి కలిపి ఎనిమిది వేలు. పీహెచ్‌సీలో ఒక్క రూపాయి లేదు. నీ ఒక్కడి సంగతే కాదు ఇది. ప్రసవాలు కాకుండా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు సర్కారులో సగటున 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 అని 2017-18లో జాతీయ నమూనా సర్వే తేల్చింది.

ఎవరు మంచివాళ్లు అని ఊళ్లో అడుగుతున్నారు నిన్ను. నా మాట నేను చెబుతాను. ఆ డాక్టరమ్మ చెయ్యి లేకపోతే నీ తమ్ముడు లేడు. కానీ ఆ చెయ్యి దాకా వాణ్ని చేర్చింది రాత్రి మూడున్నరకి వెలిగిన లైటు. ప్రైవేటు ఆసుపత్రి డబ్బు ఉన్నచోట పుడుతుంది, ఏడు కిలోమీటర్ల అవతల చేల మధ్య పుట్టదు. అక్కడ లైటు వెలిగించగలిగేది సర్కారొక్కటే. బీమా కార్డు ఎంత పెద్దదైనా ఆ ఫ్రిజ్‌లో సీసా పెట్టలేదు. గంట దూరంలో ఉన్న వెంటిలేటర్ పావుగంట దూరంలో, సర్కారు ఏరియా ఆసుపత్రిలోనే ఉండుంటే గొలుసు మెడలోనే ఉండేది. పథకాల కింద ప్రైవేటుకి కట్టే డబ్బు కంటే ముందు ఈ ఖర్చు పెట్టాలి. ఇది నా తీర్పు, ఇందులో నాకు ఊగిసలాట లేదు.

రేపు పొద్దున మీ పీహెచ్‌సీకి ఒకసారి వెళ్లండి. మూడే అడగండి. రాత్రి డ్యూటీలో ఎవరుంటారు? దగ్గర్లో వెంటిలేటర్ ఎక్కడుంది? ఫ్రిజ్‌లో పది సీసాలున్నాయా? లేవంటే, ఆ మాట గ్రామసభలో లేచి చెప్పండి. నాట్లు పడకముందే చెప్పండి.